తినుడు మానకు కొడుకా



షుగర్ అని తేలిన కాడినుంచి నువ్వు సగం కడుపుతోనే లేస్తున్నవని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. బొగ్గుబాయిల షిఫ్టు పని చేసేటోడివి, బుగులు బుగులుగ తింటే ఒంట్లె సత్తువ ఎట్ల నిలుస్తది? నాకు షుగర్ వచ్చి శాన ఏండ్లయింది. గోలీలు వేసుకుంటున్న, పొద్దున నడుస్తున్న, ఇష్టంగనే తింటున్న.

మా చిన్నతనంల వరిబువ్వ పండుగకే. రోజూ జొన్నరొట్టె, మక్కగట్క. 1963ల నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు కట్టుడై, కాకతీయ కాలువ నీళ్లు వచ్చినంక జగిత్యాల, కరీంనగర్ దిక్కు ఎటు చూసినా వరే. 1983ల ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చిండు, కూలోళ్ల ఇండ్లల్ల కూడా పూటపూటకు అన్నం ఉడికింది. పేదోని ఆకలి తీర్చిన పని అది, నేను తప్పు పట్ట. కాని ఒళ్లొంచి చేసే పని తగ్గినా పల్లెంల అన్నం కుప్ప తగ్గలే. మన తిండిల నాకు కనపడే తప్పు అదొక్కటే. దేశంల షుగర్ ఉన్నోళ్లు పది కోట్లు దాటిన్రని 2023ల ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. నీ ఒక్కనికే వచ్చిన కష్టం కాదు, సిగ్గుపడకు.

సగం పల్లెం కూరలే పెట్టుకో: బీరకాయ, చిక్కుడుకాయ, తోటకూర, ఏదైనా సరే. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావుల రొట్టెనో, అన్నమో. ముందుగాల కూర, పప్పు తిని, అన్నం ఆఖరికి తిను. షుగర్ మెల్లగ ఎక్కుతది.

ఆదిలాబాద్ జొన్నలు మీకు దగ్గర్నే దొరుకుతయి. మీ పెద్దమ్మ మరిగిన నీళ్లు పోసి పిండి కలిపి, బాగ పిసికి, అరచేత్తో తట్టుకుంట గుండ్రంగ చేస్తది. పెంక మీద వేసినంక పైన నీళ్లు అద్ది, ఆరంగనే తిప్పేస్తది. రొట్టె పొంగుతది చూడు, దాంట్లకు పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం ఉంటే ఇంకేం కావాలె? అయితే జొన్న కదా అని లెక్క లేకుంట తినకు. దాంట్ల కూడా పిండే ఎక్కువ. నాకు రెండు రొట్టెలు సరిపోతయి. మెత్తగ ఉడికిన గట్క కంటె రొట్టె నయం.

అన్నం లేకుంటే తిన్నట్టు ఉండదంటవా, తెలంగాణ సోనా వండించు. రాజేంద్రనగర్‌ల మన వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారు చేసిన వడ్లు, ఆర్‌ఎన్‌ఆర్ 15048. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నంక షుగర్ ఎంత జల్ది ఎక్కుతదో చెప్పే లెక్క, 51 దగ్గర్నే ఉంటది. కాని "షుగర్ ఫ్రీ బియ్యం" అని అమ్మేటోళ్ల మాట నమ్మి రెండోసారి వడ్డించుకోకు.

దావత్‌లకు పో. యాటకూర రెండు ముక్కలు ఎక్కువైనా బగార అన్నమంత షుగర్ పెంచదు. అన్నం గంటెడే పెట్టించుకో. సంక్రాంతికి సకినాలు రెండు తీసుకొని డబ్బా మూత పెట్టు. బతుకమ్మకు మలీద ముద్ద చిన్నది తిను, ఆ పూట అన్నం తగ్గించు. బెల్లమైతే ఏం కాదనే మాట చెవిల పడనియ్యకు, బెల్లం కూడా చక్కెరే. కాకరకాయ రసం తాగి గోలీలు బంద్ చేయమనేటోళ్లను దూరం పెట్టు.

అన్నిటికంటె ముఖ్యం ఇది. గోలీ వేసుకొని తినకుంట బాయిల దిగకు. చేతులు వణికి, చెమటలు పట్టి, కండ్లు తిరుగుతున్నయంటే షుగర్ పడిపోతున్నట్టు. గ్లూకోజ్ పొడో, చక్కెర పొట్లమో ఎప్పుడూ జేబుల ఉండాలె. మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లల్ల కలుపుకొని తాగి కూర్చో. పావుగంటకు తగ్గకుంటే మళ్ల తాగు, తేరుకున్నంక రొట్టె తిను. నీ పక్కన పనిచేసేటోళ్లకు ఈ సంగతి చెప్పి పెట్టు, దాచకు. రాత్రి షిఫ్టు పడ్డప్పుడు గోలీ ఏ యాళకు వేసుకోవాలెనో డాక్టర్‌నే అడుగు, నీ అంతట నువ్వు మార్చకు.

ఈ వారంల మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించుకో. ఎంత వచ్చిందో నాకే ముందు ఫోన్ చెయ్యి. ఈ రాత్రి మాత్రం మీ అమ్మ ముందట కూర్చొని కడుపునిండ తిను.

మీ పెద్దబాపు