వేలంలో ట్రాక్టరు కొన్నారా? తాళం తిప్పే ముందు...

వాయిదాలు కట్టలేక రైతులు పోగొట్టుకున్న ట్రాక్టర్లను బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వేలం వేస్తుంటాయి. కొత్తదాని కంటే చవకే. అయితే ఆ బండి నెలల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి ఉంటుంది. పైగా వేలంలో ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతారు. తర్వాత ఏ లోపం బయటపడినా అడిగే దిక్కుండదు. కాబట్టి చేతిలో ఉన్నదంతా పాటకే పెట్టేయకుండా మరమ్మతులకు కొంత ఉంచుకోండి. ఆ డబ్బు రంగులకు, సౌండు బాక్సులకు కాదు. ఆయిళ్ళకు, ఫిల్టర్లకు, బ్రేకులకు.

అక్కడికక్కడే స్టార్టు చేసి ఇంటికి తోలుకొద్దామని తొందరపడకండి. ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే అందులో నీళ్ళు చేరాయన్నమాట. హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు, లైనర్ల కింది రబ్బరు రింగులు చెడిపోయి ఉండవచ్చు. పొగగొట్టానికి మూత లేక వాన నీళ్ళు దిగినా అంతే. అలాంటి ఇంజనును తిప్పితే బేరింగులు పోతాయి. సిలిండరులో నీళ్ళు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. చవకగా వచ్చిందనుకున్న బండి అక్కడితో ఖరీదైపోతుంది. ఇలా కనిపిస్తే లారీ మీద వేసుకుని షెడ్డుకు చేర్చడమే మేలు. ఆయిల్ మట్టం గుర్తు దాటి, డీజిల్ వాసన కొడితే పంపు సీలును అనుమానించాలి.

తర్వాత ఎయిర్ క్లీనరు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ ఇంజను ఆయుష్షు దీని మీదే ఉంటుంది. నిలిచిపోయిన బండి గొట్టాల్లో కందిరీగలు మట్టి గూళ్ళు కడతాయి. ఆయిల్ గిన్నె ఉండే రకమైతే డీజిల్‌తో కడిగి, గుర్తు వరకు కొత్త ఆయిల్ పోయాలి. కాగితం ఫిల్టరైతే కడగొద్దు, మార్చేయండి. అక్కడి నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. చిన్న పగులున్నా దుమ్ము నేరుగా లోపలికి పోయి రింగులను, లైనర్లను తినేస్తుంది.

డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీటిని, మడ్డిని దించి, ఫిల్టర్లు మార్చి, గాలి తీయించండి. రేడియేటరు కడిగించండి. ఇక స్టార్టు చేయవచ్చు. ఆయిల్ ప్రెజర్ ముల్లు కొన్ని సెకన్లలో లేవకపోతే వెంటనే ఆపేయాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడక గరగరమంటే ప్లేటు తుప్పుకు అతుక్కుని ఉండవచ్చు. బలవంతాన గేరు వేయొద్దు.

బండి వరి ప్రాంతం నుంచి వచ్చిందా అని తప్పకుండా వాకబు చేయండి. దమ్ములో తిరిగిన ట్రాక్టరుకు ముందు చక్రాల బేరింగుల్లోకి, బ్రేకుల్లోకి బురద నీళ్ళు చేరతాయి. గేరు బాక్సు, హైడ్రాలిక్ ఆయిల్ కూడా తెల్లబడుతుంది. వీటిని విప్పించి చూడనిదే ట్రాలీ తగిలించకండి. ఖాళీ మైదానంలో రెండు బ్రేకు పెడళ్ళనూ జతచేసి నెమ్మది వేగంలో తొక్కండి. బండి ఒక పక్కకు లాగితే సరిచేయించాల్సిందే. పొలంలో ఇది చిన్న ఇబ్బందిగా కనిపిస్తుంది గానీ, ధాన్యం బస్తాలతో కాలువ గట్టు దిగేటప్పుడు ప్రాణాల మీదకు తెస్తుంది. స్టీరింగ్ ఆట, చక్రాల నట్లు, ట్రాలీ కొక్కెం పిన్ను, దాని క్లిప్పు కూడా అప్పుడే చూసుకోవాలి.

ఆర్.సి. పేరు మార్పిడి, పాత అప్పు నమోదు రద్దు కాగితాలు వేలం వేసినవారి నుంచి అడిగి తీసుకోండి. బీమా లేనిదే రోడ్డెక్కించొద్దు.

ఇంజను ఆయిల్‌ను మొదటిసారి బండి వేడెక్కాక దించితే మడ్డి కూడా వస్తుంది. అయినా లోపల కొంత మిగిలే ఉంటుంది. అందుకని కొత్తగా పోసిన ఆయిల్‌ను, ఫిల్టరును 50 గంటల పనికే ఇంకోసారి మార్చండి. ఆ తర్వాత కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు ప్రకారం మార్చుకుంటే చాలు.