ఒకే హీట్ పంపుతో పలు ఉష్ణ వలయాల నియంత్రణ: కృష్ణా డెల్టాలో ధాన్యం, విత్తనం ఆరబెట్టుటకు అన్వయం

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు డెల్టాలోని ఖరీఫ్ వరి కొంత పనల మీద, కొంత కల్లాల్లో, కొంత రోడ్ల పక్కన బరకాల కింద ఉన్నది. తడిసిన ధాన్యం కొద్ది రోజుల్లోనే రంగు మారి మొలకెత్తుతుంది. సేకరణ కేంద్రాల్లో తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం. యంత్రపు కోత ధాన్యంలో మామూలు రోజుల్లోనే 20 శాతానికి మించిన తేమ ఉండుట కద్దు. ఎండ లేని అటువంటి వారంలో యంత్రంతో ఆరబెట్టుట తప్ప వేరు మార్గం లేదు.

టన్ను ధాన్యంలో తేమను 22 నుండి 14 శాతానికి దించుటకు సుమారు 93 కిలోల నీటిని ఆవిరి చేయవలెను. తేడా 8 శాతమే గనుక 80 కిలోలు చాలునని విద్యార్థులు తరచు లెక్క వేస్తారు; ఆరిన కొద్దీ మొత్తం బరువు కూడా తగ్గుతుందన్న సంగతి మరచిపోతారు.

హీట్ పంపు వేడి చేసిన నీటిని ఒక నిల్వ తొట్టిలో ఉంచి, అక్కడి నుండి రెండు వలయాలకు పంపుదుమనుకొందాము. మొదటిది మిల్లుకు పోయే ధాన్యానిది. రెండవది విత్తనానిది. విత్తనంలో తేమ 18 శాతం దాటి ఉన్నప్పుడు గాలి 32 డిగ్రీల సెల్సియస్, 10-18 శాతం మధ్య 38 డిగ్రీలు మించరాదు. మించితే మొలక శాతం దెబ్బతింటుంది. కావున ప్రతి వలయానికి వేరు పంపు, మూడు దారుల మిశ్రమ కవాటం అవసరం. తిరిగి వచ్చే చల్లని నీటిని వేడి నీటితో కలిపి కవాటం విత్తన వలయపు ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది.

అయితే కవాటం విత్తనాన్ని కాపాడుతుందే గాని విద్యుత్తును ఆదా చేయదు. తొట్టి 60 డిగ్రీల వద్ద ఉన్నంత కాలం కంప్రెసర్ ఆ 60 కొరకే శ్రమిస్తుంది. బాష్పీభవనం 15 డిగ్రీల వద్ద, ద్రవీభవనం 60 డిగ్రీల వద్ద జరిగితే ఆదర్శ సామర్థ్య గుణకం 7.4, ద్రవీభవనం 45 వద్దనైతే 10.6. యంత్రం ఆదర్శంలో 45 శాతం అందుకొంటుందనుకొంటే ఇవి వరుసగా 3.3, 4.8 అవుతాయి. అనగా అదే వేడికి విద్యుత్తు సుమారు 30 శాతం తక్కువ పడుతుంది. అందుచేత తొట్టి ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచక, ఆ క్షణాన పనిచేస్తున్న వలయాల్లో అత్యధిక అవసరానికి రెండు మూడు డిగ్రీలు పైన మాత్రమే నిలపవలెను. ధాన్యపు గదిని కొన్ని గంటలు నడిపి, ధాన్యానికి విశ్రాంతినిచ్చే వేళ తొట్టిని దించి విత్తనాన్ని నడుపుట ఉత్తమం. ఈ విశ్రాంతి వలన గింజలోని తేమ సర్దుకొని మిల్లులో నూక తగ్గుతుంది. బీపీటీ 5204 వంటి సన్నరకాలకు ఇది మరీ ముఖ్యం.

శీతల దేశాల్లో గృహాలను వేడి చేసే నియంత్రికలు బయటి ఉష్ణోగ్రతను బట్టి నీటి వేడిని మార్చుతాయి. ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడకు తెచ్చుట నా దృష్టిలో పొరపాటు. తుపాను వేళ మన సమస్య చలి కాదు, గాలిలోని తేమ. 25 డిగ్రీల వద్ద 90 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలిని 32 డిగ్రీలకు వేడి చేస్తే ఆర్ద్రత 60 శాతానికి, 35 డిగ్రీలకు చేస్తే 51 శాతానికి పడిపోతుంది. విత్తనం తొలి దశకు ఆ 32 డిగ్రీలే చాలును. కావున నియంత్రికకు ఆర్ద్రతా గ్రాహకం తప్పనిసరి. పొడి ఎండ కాచిన మధ్యాహ్నం వేడి ఆపి ఫ్యాన్ మాత్రమే నడుపవచ్చును.

తుపాను తరువాత జనరేటరు మీద నడుపవలసి వచ్చి, శక్తి రెండు వలయాలకు చాలనప్పుడు విత్తన వలయానికి ప్రాధాన్యమీయవలెను. దానికి కావలసిన వేడి తక్కువ. పైగా రంగు మారిన ధాన్యం తక్కువ ధరకైనా అమ్ముడుపోతుంది గాని, మొలక చెడిన విత్తనం రానున్న సార్వాకు పనికిరాదు.