దూరవీక్షణము: ఒక ప్రభుత్వము ఇరువది మూడేండ్లు చేసిన పరీక్ష

వర్తకునికైనను రాజునకైనను వార్తయే మూలధనము. పొరుగూరి బజారులో రేపు పత్తి ఏ ధర పలుకునో ముందు తెలిసినవాడు లాభపడును. శత్రువు సేన ఎక్కడ దిగినదో ముందు తెలిసిన రాజు గెలుచును. రాజులకు చారులే కన్నులని మన పెద్దలు ఊరక చెప్పలేదు. అయితే చారుడు అడుగు పెట్టలేని చోటికి మనస్సును పంపి, అచ్చటి సంగతి చూచి చెప్పగలవారు ఉందురా? ఉన్నచో వారిని ప్రభుత్వము కొలువులో పెట్టుకొనవచ్చునా?

ఇది కథలలోని ప్రశ్న కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము 1972 మొదలు 1995 వరకు, సుమారు 2 కోట్ల డాలర్లు వెచ్చించి, ఈ ప్రశ్నను పరీక్షించినది. వారు దానికి ‘రిమోట్ వ్యూయింగ్’ అని పేరు పెట్టినారు. దూరదృష్టి అన్నచో ముందుచూపు అను అర్థము వచ్చును గనుక ఈ వ్యాసములో దానిని ‘దూరవీక్షణము’ అందాము.

ఈ సంగతి మనకెందుకని కొందరు అడుగవచ్చును. రెండు కారణములు కలవు. మొదటిది, “మన శాస్త్రములోని అవధిజ్ఞానమును అమెరికావారు రుజువు చేసినారట” అని మన యువకులలో ఒక మాట తిరుగుచున్నది. రెండవది, కొట్టులో సొత్తు పోయినప్పుడు అంజనము వేయించి చూతమను అలవాటు మన బజారులలో పూర్తిగా పోలేదు. ఈ రెండు చోట్లను ఆ పరీక్ష ఫలితము మనకు అక్కరకు వచ్చును.

పని మొదలైన విధము

అది అమెరికాకు, సోవియట్ రష్యాకు నడుమ ప్రచ్ఛన్న యుద్ధము నడచుచున్న కాలము. మనోశక్తి మీద రష్యావారు పరిశోధనలు చేయుచున్నారని వార్తలు వచ్చుచుండెను. 1970లో ఆ విషయమై ఒక పుస్తకము కూడ అమెరికాలో వెలువడినది. ఎదుటి దుకాణమువాడు క్రొత్త సరుకు తెచ్చినాడని వినినచో, అది మంచిదో చెడ్డదో తెలియకున్నను మనము నమూనా తెప్పించి చూతుము గదా! అమెరికా గూఢచారి సంస్థయైన సి.ఐ.ఏ. కూడ అట్లే చేసినది.

1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థకు ఈ పని అప్పగించబడినది. అక్కడ హెరాల్డ్ పుటాఫ్, రస్సెల్ టార్గ్ అను ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు దానిని నడిపినారు. న్యూయార్కు చిత్రకారుడు ఇంగో స్వాన్, పోలీసు శాఖలో పనిచేసి విరమించిన పాట్ ప్రైస్ మొదటి వీక్షకులలో ముఖ్యులు.

తరువాత సి.ఐ.ఏ. తప్పుకొనినది. 1970ల చివర సైన్యము ఈ పనిని చేపట్టి, మేరీలాండ్ రాష్ట్రములోని ఫోర్ట్ మీడ్ అను స్థావరములో వీక్షకుల చిన్న దళమును నెలకొల్పినది. పిమ్మట అది సైనిక గూఢచారి సంస్థయైన డి.ఐ.ఏ. చేతికి పోయినది. గ్రిల్ ఫ్లేమ్, సెంటర్ లేన్, సన్ స్ట్రీక్ అని పేర్లు మారుచు, 1991లో ‘స్టార్ గేట్’ అను పేరు వచ్చినది. నేడు మొత్తము కార్యక్రమమును ఆ పేరుతోనే పిలుచుచున్నారు.

వీక్షణము చేయించిన పద్ధతి

తొలి పద్ధతి ఇట్లుండెను. వీక్షకుడు ఒక గదిలో కూర్చుండును. పరిశోధకులలో కొందరు వేరొక చోటికి పోయి నిలుతురు. ఆ చోటు ఏదో వీక్షకునికి తెలియదు. అతడు తన మనస్సునకు తోచినది మాటలతో చెప్పి, బొమ్మ గీయును. తరువాత ఒక మధ్యస్థుడు ఆ వర్ణనలను, పోయిన చోట్లను పోల్చి, ఏది దేనికి సరిపోవునో వరుస కట్టును. గూఢచారి పనులలో మనుష్యులను పంపుటకు బదులు అక్షాంశ రేఖాంశములను మాత్రము ఇచ్చుటయు ఉండెను. ఈ పరీక్షలను గూర్చి టార్గ్, పుటాఫ్ వ్రాసిన వ్యాసమును 1974 అక్టోబరులో ‘నేచర్’ అను ప్రఖ్యాత విజ్ఞాన పత్రిక ప్రకటించినది. అయితే పరిశీలకులకు దాని మీద సందేహములున్నవని సంపాదకీయములో తెలియజేసియే ప్రకటించినది.

అసలు పనిలో ఫలితములు

1974లో పాట్ ప్రైస్‌కు రష్యావారి సెమిపలాటిన్‌స్క్ ప్రాంతములోని ఒక రహస్య స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములు ఇచ్చినారు. ఆయన పట్టాల మీద కదలు ఒక పెద్ద క్రేనును వర్ణించి బొమ్మ గీసినాడు. అచ్చట అటువంటి క్రేను నిజముగా ఉన్నది! ఈ కథ నేటికిని చెప్పుకొనబడుచున్నది. అయితే కథ చెప్పువారు తరచు విడిచిపెట్టు భాగము ఒకటి కలదు. అదే స్థలమును గూర్చి ఆయన చెప్పిన ఇతర విషయములు అనేకము వాస్తవముతో సరిపోలలేదు. క్రేను నిజము, తక్కినది తప్పు అని చిత్రములతో పోల్చిన పిమ్మటనే తెలిసినది. పోల్చుటకు ముందు రెండును ఒకే కంఠముతో, ఒకే నమ్మకముతో చెప్పబడినవి.

1981 డిసెంబరులో ఇటలీలోని వెరోనా నగరమున జేమ్స్ డోజియర్ అను అమెరికా సేనానిని విప్లవకారులు ఎత్తుకొనిపోయినారు. వీక్షకుల చేత కూడ ఆయన జాడ వెదకించినారు. 1982 జనవరి 28న పాడువా నగరములోని ఒక యింట ఆయన ప్రాణములతో దొరకినాడు. ఆ యిల్లు చూపినది ఇటలీ పోలీసుల దర్యాప్తు గాని దూరవీక్షణము కాదు. ఇరాన్‌లో 52 మంది అమెరికనులు 444 దినములు బందీలుగా ఉన్నప్పుడు కూడ వీక్షకులను పలుమారులు కూర్చుండబెట్టినారు. వారి విడుదల 1981 జనవరిలో రాయబారము వలన కుదిరినది.

మరొక వైపు సాక్ష్యము కూడ చెప్పవలెను. ఆఫ్రికాలోని జాయిర్ దేశములో కూలిన ఒక విమానము ఉపగ్రహములకు చిక్కకపోగా, ఒక స్త్రీ తన్మయావస్థలో చెప్పిన అక్షాంశ రేఖాంశముల వద్ద అది దొరకినదని మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1995లో చెప్పినారు. ఇది గౌరవనీయుడు చెప్పిన మాట. అయితే తగిలిన ఒక్క బాణము చరిత్రలో నిలుచును. తగులని బాణములను ఎవరును ఏరి లెక్కించరు.

జమ వైపు మాత్రమే వ్రాసిన ఖాతా

ఇచ్చట మన వర్తకుల బుద్ధి పనికి వచ్చును. ఒక గుమాస్తా లాభము వచ్చిన బేరములను మాత్రము ఆవర్జాలో ఎక్కించి, నష్టము వచ్చినవాటిని చిట్టాలోనే వదలినచో, ఆ ఖాతా చూచి ఏ యజమానియైనను సంతోషించును. సంవత్సరాంతమున పెట్టె తెరచినప్పుడు మాత్రము రొక్కము కనబడదు. దూరవీక్షణము ఖాతాలో జరిగినది చాలవరకు ఇదియే.

కాకతాళీయముగా ఎంత తగులునో ముందు లెక్క కట్టవలెను. డ్యూక్ విశ్వవిద్యాలయములో జె.బి. రైన్ అను ఆచార్యుడు 1930లలో వాడిన చీట్లను చూడుడు. ఐదు గుర్తులు, ఒక్కొక్కదానికి ఐదు చొప్పున 25 చీట్లు. ఏ శక్తియు లేనివాడు కండ్లు మూసికొని చెప్పినను సగటున ఐదు సరిపోవును. కనుక ఐదు తగిలినవాడు గొప్పవాడు కాడు. ఐదుకంటె ఎక్కువ, అదియు మరల మరల, తగిలినప్పుడే ఆలోచింపవలెను. మాటల వర్ణనకు ఈ లెక్క కట్టుట మరింత కష్టము. “నీరు ఉన్నది, ఎత్తైనది ఏదో ఉన్నది, లోహము తోచుచున్నది” అన్నచో, అది సరిపోని పట్టణము ఈ లోకములో ఏది?

న్యూజిలాండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కమ్మన్ తామును ఈ పరీక్షలు జరిపి చూచినారు. ఫలితము రాలేదు. అంతట వారు స్టాన్‌ఫర్డ్ సంస్థవారి వర్ణన ప్రతులను పరిశీలించినారు. వాటిలో “నిన్న చూచిన రెండు చోట్లు” వంటి మాటలు మిగిలి ఉండెను. అనగా ఇది మూడవ పరీక్ష అని మధ్యస్థునికి తెలిసిపోవును. పోయిన చోట్ల జాబితా కూడ అదే వరుసలో అతని చేతిలో ఉండెను. ఆ చోట్లకు పోకుండగనే, ఈ జాడలతోనే ప్రతులను జతపరుపవచ్చునని మార్క్స్ చూపినాడు. ధర చీటీ తీయకుండ సరుకు వెల ఊహింపుమనుట వంటిది ఇది! ఆ జాడలు తొలగించి మరల పోల్చినను ఫలితము నిలిచినదని స్టాన్‌ఫర్డ్ సంస్థవారు 1980లో బదులు చెప్పినారు. జాడలన్నియు తొలగలేదని మార్క్స్ తిరిగి అన్నాడు. వాదము అట్లే నడచినది.

1995 నాటి తీర్పు

1995లో ఈ కార్యక్రమమును మరల సి.ఐ.ఏ.కు అప్పగింప తలచి, దానిని తూచుటకు అమెరికన్ ఇన్‌స్టిట్యూట్స్ ఫర్ రిసెర్చ్ అను సంస్థను నియమించినారు. ఆ సంస్థ భిన్నాభిప్రాయములు గల ఇద్దరిని పిలిచినది. గణాంక శాస్త్రజ్ఞురాలు జెస్సికా అట్స్, “ప్రయోగశాలలో వచ్చిన ఫలితములు కాకతాళీయమునకు మించినవి, ఈ శక్తి ఉన్నట్లే” అని వ్రాసినారు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రే హైమన్, “సంఖ్యలు కొంత ఎక్కువ వచ్చిన మాట నిజమే, కాని అంత మాత్రమున అది మనోశక్తి అని తేలదు. ఇటీవలి ప్రయోగములలో సరిపోల్చిన మధ్యస్థుడు కూడ ఆ పరిశోధన నడిపినవారే” అని వ్రాసినారు.

శక్తి ఉన్నదా లేదా అను విషయమున వీరిద్దరికి పొత్తు కుదరలేదు. అయితే గూఢచారి పనికి అది ఉపయోగపడినదా అను ప్రశ్నకు సంస్థవారి జవాబు స్పష్టముగా వచ్చినది. ఏ ఒక్క సందర్భములోను దూరవీక్షణము వలన వచ్చిన వార్తను ఆధారముగా గొని చర్య తీసికొనలేదు. వర్ణనలు అస్పష్టములు. వాటిలో పొరపాట్లు అధికము. ఒకే స్థలమును చూచిన వీక్షకుల మాటలు ఒకదానితో ఒకటి కలియవు. కొన్నిచోట్ల ముందుగా తెలిసిన సంగతులకు అనుగుణముగా నివేదికలు మార్చబడినవను అనుమానము కూడ ఉన్నది. ఆ సంవత్సరమే కార్యక్రమము మూతపడినది. దాని కాగితములు 2017 జనవరిలో సి.ఐ.ఏ. తన పాత పత్రములను అంతర్జాలములో ఉంచినప్పుడు అందరికిని అందుబాటులోనికి వచ్చినవి.

మన శాస్త్రము చెప్పు అవధి

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో మతి, శ్రుత, అవధి, మనఃపర్యాయ, కేవలములని జ్ఞానము ఐదు విధములు. మొదటి రెండు పరోక్షములు, తక్కిన మూడు ప్రత్యక్షములు. అవధి యన్న పేరులోనే హద్దు అను అర్థము కలదు. మనుష్యునికి అది కర్మముల క్షయోపశమము వలన కలుగునే గాని జీతము వలన, శిక్షణ తరగతి వలన కలుగదు. మఱియు మతి, శ్రుత, అవధి మూడును విపరీతములు కూడ కావచ్చునని ఆ గ్రంథమే హెచ్చరించుచున్నది. విపరీతమైన అవధికి విభంగమని పేరు. అనగా దూరమున ఉన్నది తోచినంత మాత్రమున అది సమ్యక్ జ్ఞానము కాదని మన ఆచార్యులు ఏనాడో విభజించినారు.

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద శ్రావకుని జ్ఞాపకము చేసికొందము. ఆయన వాణిజ్యగ్రామములోని గొప్ప ధనికుడు, గృహస్థుడు. ఆయనకు అవధిజ్ఞానము కలిగినది వ్యాపారము నడుపు దినములలో కాదు. వ్యవహారమంతయు కుమారునికి అప్పగించి, అంతిమ వ్రతములో ఉన్నప్పుడు కలిగినది. తనకు ఎంత మేర కనబడుచున్నదో ఆయన హద్దు కట్టి చెప్పినాడు గాని, దానితో ఎవరి రహస్యమును వెదకలేదు.

కనుక ఫోర్ట్ మీడ్‌లోని పని మన అవధికి రుజువు కాదు. అది విఫలమగుట మన శాస్త్రమునకు లోటును కాదు. ఈ రెండును వేరు వేరు సరుకులు. ఒకదాని బిల్ల మరొకదానికి అంటింపరాదు. మన విశ్వాసమునకు విదేశీ సైన్యము ముద్ర వేయవలెనని కోరినచో, ఆ ముద్ర చెరిగిన నాడు మన పిల్లల విశ్వాసమును చెరుగును.

మనము గ్రహింపవలసినది

ఈ ఇరువది మూడేండ్ల ఖాతా నుండి తీయవలసిన నికర నిల్వ ఒక్కటే. ఒక వార్తలో కొంత నిజము ఉండుట చాలదు. ఏది నిజమో, ఏది కాదో సరిచూడక ముందే తెలియవలెను. పది మాటలలో రెండు నిజములై, ఆ రెండు ఏవో తెలియనిచో, ఆ పది మాటల మీద బండెడు సరుకు కొనగలమా? ఒక మనుష్యుని దొంగ అనగలమా?

ఈ చివరి మాట మరీ ముఖ్యము. అంజనములో కనబడినాడని పనివాని మీద నింద వేసినచో, పోయిన సొత్తు దొరకకపోగా ఒక నిరపరాధి బ్రదుకు చెడును. మాటతో చేసినను అది హింసయే.

దూరపు సంగతి చెప్పగలనని ఎవరైనను మీ వద్దకు వచ్చినప్పుడు, ఇంటిలోని పిల్లలను కూడ కూర్చుండబెట్టుకొని, ఈ ప్రశ్నలు వేసి చూడుడు:

1. చెప్పిన మాటలన్నియు, ఫలితము తెలియక ముందే, తేదీతో కాగితము మీద వ్రాసినారా?

2. అడుగువానికి గాని, సరిచూచువానికి గాని జవాబు ముందుగా తెలియునా?

3. తగిలినవాటితో పాటు తప్పినవాటిని కూడ లెక్కించినారా?

4. ఏ శక్తియు లేనివాడు ఊహించి చెప్పినచో ఎన్ని తగులును?

5. ఆ మాట తప్పైనచో నష్టము ఎవరికి? చెప్పినవానికా, విన్నవానికా, నింద పడినవానికా?

ఐదింటికిని తృప్తికరమైన జవాబు వచ్చువరకు సొమ్ము పెట్టెలోను, మాట నోటిలోను ఉంచుకొనుట మేలు.