సూపర్‌మార్కెట్ వస్తే మా దుకాణం గతేంటి?

ప్రశ్న: వర్ధన్నపేటలో ఖమ్మం రోడ్డు మీద మాకు కిరాణం దుకాణం ఉంది. ముందు అత్తమ్మ కూరగాయలు అమ్ముతుంది. ఎదురుగా సూపర్‌మార్కెట్ కడుతున్నారు. ఊళ్లో కొందరు కావాలంటున్నారు, కొందరు వద్దంటున్నారు. ఆపించగలమా?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, పోటీ వస్తుందని ఎవరి వ్యాపారాన్నీ ఆపించలేం. రాజ్యాంగం ఆ హక్కు అందరికీ ఇచ్చింది. కానీ కట్టడం నిబంధనల ప్రకారం సాగుతోందా అని మీరు అడగొచ్చు. మున్సిపాలిటీలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మంజూరైన ప్లాన్ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో ముందు పార్కింగ్ చూడండి. చోటు చాలకపోతే బండ్లు రోడ్డెక్కుతాయి, అడ్డమని మొదట లేపేది మీ అత్తమ్మ గంపనే.

నాకు ఎక్కువ దిగులు ఆమె గురించే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తర్వాత తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఆమె పేరు సర్వేలో ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి.

దుకాణంలో ధరల పోటీకి దిగకండి, నష్టపోతారు. పది రూపాయల చక్కెర, నెలాఖరు దాకా ఉద్దెర మీ బలం.

ఇక మున్సిపాలిటీ వాళ్లు నోటీసు లేకుండా మీ అత్తమ్మ సరుకు ఎత్తుకుపోతే జాబితా రాయించుకోండి. కూరగాయలైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఇవ్వకుంటే వెంటనే వరంగల్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు న్యాయసహాయం ఉచితం.