పునాది గోతి దగ్గర పరిశీలకుడు

ఇంగ్లండులో పురావస్తు పరిశీలకుడిగా తొలి ఉద్యోగంలో చేరుతున్న చిరంజీవికి ఆశీస్సులు.

పొలంలో పశువుల కొట్టానికో, గడ్డి నిలవచేసే షెడ్డుకో తీసే పునాది గోతులు చిన్నవే అయినా, ఆ చోట పాత ఆవాసాల జాడ ఉండవచ్చునన్న అనుమానం కలిగితే స్థానికాధికారులు నిర్మాణానికి అనుమతినిస్తూనే, తవ్వకం సాగినంతసేపూ పురావస్తు పరిశీలకుడు దగ్గరుండి చూడాలని షరతు పెడతారు. 1990లో ప్రభుత్వ మార్గదర్శకం వెలువడిన తరువాత స్థిరపడిన పద్ధతి ప్రకారం ఆ ఖర్చు కట్టించుకునేవారిదే కనుక, అనవసరంగా పని ఆపించి రైతుకు నష్టం కలిగించడం తగదు. అయితే ఆపవలసిన చోట మొహమాటపడటం అంతకన్నా పెద్ద తప్పు.

తవ్వే యంత్రానికి పళ్లు లేని తొట్టి బిగించాలని ముందే మాట్లాడుకోవాలి. పళ్లున్న తొట్టి నేలను చీల్చి గీతలు పెడితే, నున్నని అంచుగల తొట్టి పొరను చెక్కినట్లు తీస్తుంది. దుక్కి మట్టీ, దాని కింది మట్టీ తొలగాక మనిషి చెయ్యి పడని సహజ నేల బయటపడుతుంది. ఎన్నడో గుంజ పాతిన గుంత ఆ నేల మీద జానెడు వెడల్పున గుండ్రని నల్లమరకగా మాత్రమే కనిపిస్తుంది. తడి ఆరితే ఆ రంగు తేడా మాయమవుతుంది కనుక, తాపీతో గీకి శుభ్రం చేసిన వెంటనే కొలతలూ ఫొటోలూ తీసుకోవాలి.

దుక్కి మట్టిలో కుండపెంకులు కనబడగానే అక్కడ ఊరు ఉండేదని తేల్చరాదు. తెలుగునాట దిబ్బ ఎరువుతో చిల్లపెంకులు పొలానికి చేరినట్లే, మధ్యయుగపు ఇంగ్లండులోనూ ఇంటి చెత్త పెంటతో కలిసి చేలకు తరలింది. అలా వచ్చిన పెంకులు సాధారణంగా చిన్నవై, నాగళ్ల తాకిడికి అంచులు అరిగి ఉంటాయి; గుంతలో పూడిన పెద్ద, పదునైన పెంకు చెప్పే కథ వేరు.

మనిషి ఎముకలు బయటపడితే పని ఆపాలి. న్యాయశాఖ అనుమతి లేనిదే వాటిని కదిలించరాదు.

చాలా పరిశీలనలు ఏమీ దొరకకుండానే ముగుస్తాయి, అసలు శ్రద్ధ అవసరమయ్యేది అప్పుడే. గోతి ఎంత లోతు దిగిందో, సహజ నేల తగిలిందో లేదో, వెలుతురు ఎలా ఉందో నివేదికలో ఉండాలి. సహజ నేలదాకా దిగకుండా గోతి ఆగిపోతే, అక్కడ ఏమీ లేదని కాక, ఇంత లోతువరకు ఏమీ కనిపించలేదని మాత్రమే రాయాలి. ఏళ్ల తరువాత పక్కనే మరో షెడ్డుకు అనుమతి కోరినప్పుడు, అధికారి తెరిచి చూసేది స్థానిక చారిత్రక రికార్డులో చేరిన ఆ నివేదికనే.