వేగము - ఓర్పు

స్పెయిను దేశమున కటలోనియా ప్రాంతములో సెర్వేరా అను చిన్న పట్టణము కలదు. 1993 ఫిబ్రవరి 17వ తేదీన మార్క్ మార్కెజ్ ఒక సామాన్య కుటుంబమున జన్మించెను. నాలుగవ యేటనే అతనికి చిన్న మోటారు సైకిలు లభించెను. ఆటగా మొదలైన స్వారి క్రమముగా సాధనగా మారెను.

పదునైదేండ్ల ప్రాయమున, 2008లో, అతడు 125 సీసీ తరగతి ప్రపంచ పోటీలలో ప్రవేశించెను. 2010లో పోర్చుగల్ దేశపు ఎస్టోరిల్‌లో వర్షమువలన పందెము మధ్యలో ఆగెను. అది మరల మొదలగుటకు ముందే మార్క్ పడిపోయి, బండి దెబ్బతినెను. పనివారు త్వరత్వరగా బాగుచేయగా, అతడు వెనుక వరుసనుండి బయలుదేరి అందరిని దాటి గెలిచెను. ఆ యేడే ప్రపంచ విజేత అయ్యెను. 2013లో ఇరువది యేండ్లకే అత్యున్నతమైన మోటోజీపీ తరగతిలో విజేతయై, 2019 నాటికి ఆ గౌరవమును ఆరు పర్యాయములు పొందెను.

2020 జూలైలో స్పెయిన్‌లోని హెరెజ్ పందెమున పడి, అతని కుడి దండచేతి ఎముక విరిగెను. శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకే అతడు మరల బండి నెక్కెను. ఆ తొందరపాటు కీడు చేసెను. ఎముకకు బిగించిన లోహపు పలక విరిగెను. ఆ యేటి తక్కిన పోటీలన్నియు తప్పిపోయెను. 2022 నాటికి ఆ చేతికి నాలుగు శస్త్రచికిత్సలు జరిగెను.

ఈసారి అతడు తొందరపడలేదు. చేయి బలపడువరకు వేచియుండి, ఓటములను సహించి, సాధన సాగించెను. 2025 సెప్టెంబరులో జపానులోని మోటెగిలో ఏడవసారి మోటోజీపీ విజేత అయ్యెను.

నిదానమే ప్రధానమను పెద్దల మాట, వేగమే వృత్తిగా గలవానికిని వర్తించును.