పని సైబరాబాదులో, లాభం సముద్రాల ఆవల

వ్యాపారంలో లాభం ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న. దాన్ని ఏ ఊరి ఖాతాలో వ్రాశారన్నది వేరొక ప్రశ్న. బేగంబజారు వర్తకునికి రెండూ ఒకే చోట జరుగుతాయి. కొన్నదీ అమ్మినదీ అదే చిట్టాలోకి వస్తుంది, మిగిలిన లాభం మొత్తంపై పన్ను పడుతుంది. బహుళజాతి సంస్థల సంగతి అలా కాదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలోని విదేశీ కంపెనీల కార్యాలయాలను తీసుకుని ఆ పద్ధతిని పరిశీలిద్దాం.

మరకూలి లెక్క

రైసు మిల్లరు ఇతరుల ధాన్యాన్ని ఆడించి ఇస్తే ఆయనకు దక్కేది క్వింటాలుకు ఇంత అనే కూలి మాత్రమే. తరువాత బియ్యం ధర ఎంత ఎగబాకినా ఆ లాభం సరుకు సొంతదారుది. సైబరాబాదులోని విదేశీ అనుబంధ సంస్థల్లో చాలా వాటి స్థితి ఇదే. ఇక్కడి ఇంజనీర్లు వ్రాసిన ప్రోగ్రాంపై హక్కు ఒప్పందం ప్రకారం విదేశంలోని సంస్థకు పోతుంది. ఇక్కడి సంస్థకు అయిన ఖర్చు, దానిపై కొంత శాతం లాభం మాత్రమే ముడుతుంది.

ఉదాహరణకు జీతాలు, అద్దె, విద్యుత్తు కలిపి 100 కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి అనుకుందాం. 17 శాతం లాభం చేర్చి 117 కోట్లకు బీజకం పంపుతారు. కొత్త విధానంలో కంపెనీ పన్ను సర్‌ఛార్జి, సెస్సులతో కలిపి 25.17 శాతం కనుక, 17 కోట్ల లాభంపై ప్రభుత్వానికి చేరేది సుమారు 4.28 కోట్లు. ఆ ప్రోగ్రాం ప్రపంచ విపణిలో 1,000 కోట్లు ఆర్జించినా ఈ అంకె మారదు. అది పూర్తిగా విఫలమైనా మారదు. నష్టభయం తమది కనుక అదనపు లాభం కూడా తమదేనని మాతృసంస్థలు వాదిస్తాయి.

కొనేదీ అమ్మేదీ ఒకే కుటుంబం కనుక ఈ ధరను ఎవరు తేల్చాలి? సంబంధం లేని ఇద్దరు వర్తకుల మధ్య కుదిరే ధరే లెక్కకు రావాలని మన ఆదాయపు పన్ను చట్టం 2001 నుంచి నిర్దేశిస్తున్నది. తగాదాలు పెరగడంతో, ఇంత శాతం లాభం చూపితే ప్రశ్నించబోమని 2013లో నిబంధనలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ సేవలకు అప్పుడు 20 శాతం, ఆపైన పెట్టిన ఈ హద్దును 2017లో 17, 18 శాతాలకు తగ్గించారు.

సొంతదారు చిరునామా

మిగిలిన పెద్ద లాభం పోయేది హక్కు ఉన్న చోటికి. ఆ హక్కును పన్ను తక్కువగా ఉన్న దేశంలోని అనుబంధ సంస్థకు బదలాయించడమే అసలు కిటుకు. యాపిల్ సంస్థ 2016 మే నెలలో హైదరాబాదులో మ్యాపుల అభివృద్ధి కార్యాలయాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం ఆగస్టులో ఐరోపా కమిషన్ ఆ సంస్థపై వేరొక తగాదాలో ఉత్తర్వు ఇచ్చింది. ఐర్లండులోని దాని అనుబంధ సంస్థ లాభంలో అధిక భాగాన్ని కాగితం మీద మాత్రమే ఉన్న ‘ప్రధాన కార్యాలయం’ ఖాతాలో చూపినట్లు, 2014లో 10 లక్షల యూరోల లాభానికి 50 యూరోలే పన్ను పడినట్లు కమిషన్ తేల్చింది. 1,300 కోట్ల యూరోల బకాయి వసూలు చేయాలన్న ఆ ఉత్తర్వును 2024 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం ఖాయం చేసింది.

అమ్మకంలోనూ ఇదే సూత్రం

వాటాల అమ్మకంలోనూ చిరునామాయే పన్నును నిర్ణయిస్తుంది. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారం, ఉద్యోగులు, టీకాలు అన్నీ హైదరాబాదులోనే. అయితే అందులో అధిక వాటా షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీ చేతిలో ఉండేది. 2009లో సనోఫీ సంస్థ కొన్నది ఆ ఫ్రెంచి కంపెనీ వాటాలను. లాభానికి మూలం ఇక్కడి ఆస్తులేనని మన ఆదాయపు పన్ను శాఖ వాదించింది. షాన్‌హెచ్ బూటకపు సంస్థ కాదనీ, భారత్–ఫ్రాన్స్ ఒప్పందం ప్రకారం పన్ను హక్కు ఫ్రాన్సుదేననీ 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది.

కట్టడి ఎంతవరకు?

పన్ను తప్పించుకోవడమే ముఖ్యోద్దేశంగా కుదుర్చుకున్న ఏర్పాట్లను తోసిపుచ్చే అధికారం 2017 ఏప్రిల్ నుంచి మన అధికారులకు ఉన్నది. ఏటా 75 కోట్ల యూరోలకు మించి రాబడి గల సంస్థలపై ఎక్కడైనా కనీసం 15 శాతం పన్ను ఉండాలని 2021 అక్టోబరులో 136 దేశాలు అంగీకరించాయి. కాని 2025 జూన్‌లో జి-7 దేశాలు అమెరికన్ సంస్థలకు ఇందులోని ముఖ్య నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. సైబరాబాదులో అమెరికన్ సంస్థలే పెద్ద సంఖ్యలో ఉన్నందున ఈ సడలింపు మనకు చిన్న విషయం కాదు.

ఆదాయాన్ని దాచడం నేరం. ఇక్కడ చెప్పిన వాటిలో చాలా భాగం చట్టం విడిచిన సందుల్లోంచి నడిచినదే. అయినా ఖజానాకు తగ్గిన సొమ్ము భారం సందులు లేని వారిపైనే పడుతుంది. దేశంలోనే కొని దేశంలోనే అమ్ముకునే భాగస్వామ్య సంస్థ పన్ను 30 శాతం, సర్‌ఛార్జి, సెస్సు అదనం.

విదేశీ మాతృసంస్థ గల కంపెనీల వాటాలు కొనేవారు వార్షిక నివేదికలో మూడు అంశాలు చూడాలి: మాతృసంస్థతో జరిగిన లావాదేవీలు, దానికి చెల్లించిన రాయల్టీ, పన్నుకు ముందు లాభంలో పన్ను ఎంత శాతం అన్నది. అమ్మకాలు ఏటా పెరుగుతూ, లాభం మాత్రం కదలక, రాయల్టీ వేగంగా పెరుగుతుంటే ఆ పెరుగుదల ఫలం వాటాదారుకు చేరడం లేదని గ్రహించాలి.